పసిపిల్లల ఎగ్జిమాకు పసర్లు వద్దు... కొబ్బరినూనె ముద్దు

అమలాపురం (మా విలేఖరి): పెరట్లో కొబ్బరి చెట్టు, గట్టు మీద జిల్లేడు మొక్క, వీధి మలుపులో వేపచెట్టు లేని వూరు కోనసీమలో దాదాపు లేదనే చెప్పాలి. పిల్లల ఒంటి మీద ఏ పొక్కు లేచినా ఇంట్లోవాళ్ల చూపు ముందుగా ఆ చెట్ల వైపే పోతుంది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఎన్నో తరాలుగా మన పెద్దలు ఆకులతో, నూనెలతోనే పిల్లలను సాకుకొచ్చారు. అయితే ఏ చెట్టు ఏ జబ్బుకు పనికివస్తుందన్న వివరం కాలక్రమేణా మరుగున పడిపోయింది. ఏ దురదకైనా ఏదో ఒక పసరు పూయడమే వైద్యం అన్న అలవాటు మాత్రం మిగిలింది. ఫలితంగా చిన్న దురదతో మొదలైన జబ్బు పుండుగా మారి, పసివాళ్లు రాత్రింబవళ్లు నిద్ర లేక అవస్థ పడుతున్నారు. ఎగ్జిమా వచ్చిన పిల్లల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువగా జరుగుతోంది. ఈ జబ్బుకు చెట్టు నుంచి వచ్చే వాటిలో ఏది మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుందన్నది ప్రతి తల్లీ తెలుసుకోవలసిన విషయం.

తామరా? గజ్జా? ఎగ్జిమానా?

మన పల్లెల్లో చర్మం మీద ఏది లేచినా తామర అనో, గజ్జి అనో అనేయడం పరిపాటి. నిజానికి ఇవి మూడూ వేరు వేరు జబ్బులు. తామర బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి వల్ల వస్తుంది. మచ్చ గుండ్రంగా వుంటుంది. అంచు కాస్త ఎత్తుగా, పొలుసులతో వుండి, మధ్య భాగం మానినట్లు కనిపిస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గజ్జి కంటికి సరిగా ఆనని పురుగు చర్మంలోకి తొలుచుకుపోవడం వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుము చుట్టూ దురద పెడుతుంది. రాత్రిపూట దురద మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావారికీ పాకుతుంది.

ఎగ్జిమా అలాంటిది కాదు. ఇది అంటువ్యాధి కానే కాదు. ఎగ్జిమా వున్న పిల్లాడి పక్కన పడుకున్నా, అతని కంచంలో తిన్నా ఎవరికీ రాదు. బడికి పంపకుండా ఆపవలసిన పని కూడా లేదు. సాధారణంగా అయిదేళ్ల లోపే మొదలవుతుంది. ఉయ్యాలలోని బిడ్డకు బుగ్గల మీద, నుదుటి మీద, తల మీద, చేతులు, కాళ్ల వెలుపలి వైపున చర్మం కంది, గరుకు తేలి, ఒక్కోసారి రసి కారుతుంది. నడక వచ్చిన పిల్లలకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక, మెడ మీద, మణికట్ల దగ్గర కనిపిస్తుంది. నల్లని చర్మం మీద ఎరుపు తెలియకపోవచ్చు. అక్కడ చర్మం మరింత నల్లబడి, దళసరిగా, చిన్న చిన్న గింజలు లేచినట్లు వుంటుంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం గాని, ఆగకుండా తుమ్ములు వచ్చే జబ్బు గాని వున్న ఇళ్లలో ఇది ఎక్కువగా చూస్తాము. చాలామందికి పెరిగి పెద్దయ్యే కొద్దీ తగ్గుముఖం పడుతుంది. అంతవరకు ఆ చర్మాన్ని జాగ్రత్తగా కాపాడుకోవడమే వైద్యంలో ముఖ్యమైన భాగం.

గోడకు బీటలు పడినట్లే

మన చర్మం ఇటుకలు పేర్చి సున్నంతో కట్టిన గోడ వంటిది. ఎగ్జిమా పిల్లల్లో ఆ గోడకు సన్నని బీటలు వుంటాయి. చర్మానికి గట్టిదనం ఇచ్చే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు కొందరు పిల్లల్లో పుట్టుకతోనే తక్కువగా వుంటుందనీ, అటువంటి వారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువనీ 2006లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బీటల్లోంచి లోపలి తడి ఆవిరైపోతుంది. బయటి నుంచి సబ్బు, చెమట, దుమ్ము లోపలికి దిగుతాయి. చర్మం ఎండిపోయి దురద పెడుతుంది. గోకితే బీటలు ఇంకా పెద్దవవుతాయి. ఆ సందుల్లో చీము పుట్టించే క్రిములు కాపురం పెడతాయి. మళ్లీ దురద, మళ్లీ గోకుడు. ఇదే ఈ జబ్బులోని చిక్కు.

కనుక ఈ చర్మానికి కావలసింది బీటలు పూడ్చే పూత. తడి పోకుండా కాపలా కాసే పూత. మండించే పసరు, ఘాటైన రసం పూస్తే బీటలు వారిన గోడను గునపంతో పొడిచినట్లే అవుతుంది.

ఆకు మంచిదే, జబ్బు వేరు

ఉదాహరణకు సీమ అవిసె ఆకునే తీసుకుందాము. దీనినే కొన్ని చోట్ల మెట్టతామర అని కూడా అంటారు. తామర మీద ఈ ఆకు పసరు పూయడం ఎంతో కాలంగా వున్న వైద్యం. అందులో క్రైసోఫానిక్ ఆమ్లం అనే పదార్థం వుంది. అది బూజు జాతి క్రిములను దెబ్బ తీస్తుంది. అందుచేత తామర విషయంలో మన పెద్దల అనుభవం వుత్తది కాదు. కాని ఎగ్జిమాకు కారణం బూజు కాదు. అక్కడ ఈ పసరు చేసే మేలు లేకపోగా, పలచబడిన పసి చర్మాన్ని మండించి పుండు చేసే ప్రమాదం వుంది.

జిల్లేడు పాల సంగతి మరీ దారుణం. ఆ పాలు తగిలితే పెద్దవాళ్ల చర్మమే బొబ్బలెక్కుతుంది. పిల్లవాడు ఆ చేతితో కళ్లు నులుముకుంటే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి రసం కూడా చర్మాన్ని కాల్చేదే. ఇక మన జిల్లాలో మోరి పేరు చెబితే జీడిపప్పు గుర్తుకు వస్తుంది. జీడిపిక్కలు ఒలిచే పనిలో వున్నవారికి ఆ పిక్క తొక్కలోని నూనె చేతుల మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నల్లజీడి, జీడిమామిడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. రెంటిలోని రసానికీ చర్మాన్ని కాల్చే గుణం వుంది. వెల్లుల్లి నూరి కట్టు కట్టినా అంతే. పిల్లల చర్మం మీద కాలిన బొబ్బలు లేస్తాయి.

వేపాకు, పసుపు మాటేమిటని చాలామంది అడుగుతారు. వేపకు, పసుపులోని కర్‌క్యుమిన్‌కు క్రిములను, వాపును తగ్గించే గుణాలు ప్రయోగశాలలో కనిపించిన మాట నిజమే. కాని గాజు గొట్టంలో జరిగినది పిల్లల ఒంటి మీద అలాగే జరగాలని లేదు. పచ్చి వేపాకు ముద్ద నూరి రసి కారే చోట దట్టంగా పట్టిస్తే అది ఎండి, చర్మాన్ని బిగదీసి, తీసేటప్పుడు పొరలు లేపుతుంది. పసుపు పడక దద్దుర్లు లేచేవారూ వున్నారు. బజారులో అమ్మే పసుపులో రంగు కలిసే అవకాశం వుండనే వుంది. ఇక వేపనూనెను ఎట్టి పరిస్థితుల్లోనూ పసిపిల్లల నోట్లో వేయరాదు. మలేసియాలో 1980 దశకం ఆరంభంలో వేపనూనె తాగించిన పసిపిల్లలు మూర్ఛలు వచ్చి స్పృహ కోల్పోయారనీ, మరణాలు కూడా సంభవించాయనీ అక్కడి వైద్యులు నమోదు చేశారు.

కొబ్బరినూనెకు పరీక్షలో మార్కులు

చెట్టు నుంచి వచ్చే పూతల్లో పిల్లల ఎగ్జిమా మీద సక్రమంగా పరీక్షకు నిలిచిన వాటిలో మన కొబ్బరినూనె ఒకటి కావడం కోనసీమవాసులకు సంతోషం కలిగించే విషయం. మనలాగే కొబ్బరి మీద బతికే ఫిలిప్పీన్స్ దేశంలో ఈ పరీక్ష జరిగింది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఎగ్జిమా కొద్దిగానో, మధ్యస్తంగానో వున్న 117 మంది పిల్లలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు పచ్చి కొబ్బరి పాల నుంచి తీసిన స్వచ్ఛమైన కొబ్బరినూనె, రెండో జట్టుకు మినరల్ ఆయిల్ అనే ఖనిజ నూనె 8 వారాలపాటు రాశారు. ఎవరికి ఏ నూనె ఇచ్చారో ఇటు తల్లిదండ్రులకు గాని, అటు పరీక్షించే వైద్యులకు గాని తెలియనివ్వలేదు. జబ్బు తీవ్రతను కొలిచే లెక్క ప్రకారం కొబ్బరినూనె జట్టులో సగటున 68 శాతం, ఖనిజ నూనె జట్టులో 38 శాతం తగ్గుదల కనిపించింది. చర్మం నుంచి తడి ఆవిరైపోవడం కూడా కొబ్బరినూనె వాడిన వారిలో బాగా తగ్గింది.

అంతకు ముందు 2008లో ఆ దేశంలోనే 52 మంది పెద్దవాళ్ల మీద జరిగిన మరో పరీక్షలో కొబ్బరినూనె రాసిన వారి చర్మం మీద చీము పుట్టించే క్రిములు బాగా తగ్గినట్లు తేలింది. కొబ్బరినూనెలో దాదాపు సగం వుండే లారిక్ ఆమ్లానికి ఈ గుణం వుంది.

అలాగని కొబ్బరినూనెతో అన్ని ఎగ్జిమాలూ నయమైపోతాయని అనుకోరాదు. ఆ పరీక్షలు చిన్నవి. తీవ్రంగా వున్న జబ్బు మీద చేసినవి కావు. పుట్టిన దగ్గరనుంచి ఒంటికి పూత రాస్తే ఎగ్జిమా అసలు రాకుండా ఆపవచ్చునా అని బ్రిటన్‌లో 1,394 మంది శిశువులను పరిశీలించి చూశారు. అలా ఆగలేదని 2020లో తేలింది. అంటే వచ్చిన జబ్బును అదుపులో వుంచడానికి పూత ఉపకరిస్తుంది తప్ప, రాకుండా చేసే మంత్రం కాదు.

ఏ నూనె? ఎలాంటి నూనె?

నూనె అనగానే అన్నీ ఒకటి కావు. గల్ఫ్ దేశాల నుంచి బంధువులు వచ్చేటప్పుడు తెచ్చే ఆలివ్ నూనె సీసాలు మన ప్రాంతంలో చాలా ఇళ్లలో వుంటాయి. ఖరీదు ఎక్కువ కనుక గుణమూ ఎక్కువే అనుకుంటారు. కాని ఇంగ్లండులోని షెఫీల్డులో కొందరు పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధనలో ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరచగా, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదని 2013లో వెల్లడైంది. కనుక ఎగ్జిమా పిల్లలకు ఆలివ్ నూనె మర్దనా మానుకోవడం మంచిది.

వేరుశనగ నూనె కూడా వద్దు. దద్దుర్ల మీద వేరుశనగ నూనె కలిసిన పూతలు రాసిన పిల్లల్లో తరువాత వేరుశనగ పడకపోవడం ఎక్కువగా కనిపించిందని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2003లో తెలిపింది. తినే వస్తువు నోటి ద్వారా పోతే ఒంటికి అలవాటవుతుంది. అదే బీటలు పడిన చర్మం గుండా పోతే ఒళ్లు దానిని శత్రువుగా భావించే అవకాశం వుంది. శెనగపిండి, పెసరపిండి, మీగడ కలిపి నలుగు పెట్టే తల్లులు, అమ్మమ్మలు ఈ సంగతి గుర్తించాలి. ఆరోగ్యమైన చర్మానికి నలుగు సంగతి ఎలా వున్నా, ఎగ్జిమా వున్న బిడ్డకు ఆ రాపిడే పెద్ద హాని. జబ్బు తగ్గేవరకు నలుగు ఆపివేయాలి.

కొబ్బరినూనెలోనూ చూసుకోవలసిన సంగతులు వున్నాయి. బూజు పట్టిన ఎండు కొబ్బరి ఆడించిన నూనె, ముక్క వాసన వచ్చే పాత నూనె పనికిరావు. తలకు రాసుకునే సువాసన నూనెలు అసలే వద్దు. ఆ సువాసన ద్రవ్యాలే చాలామంది పిల్లల చర్మానికి పడవు.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక కర్పూరం గురించి. దురద తగ్గుతుందనీ, జలుబు పోతుందనీ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాయడం మన ఇళ్లలో మామూలే. కర్పూరం చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. పిల్లవాడు నాకినా, మింగినా మరింత ప్రమాదం. పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చు. చర్మానికి బీటలు వున్న బిడ్డలో ఇంకా ఎక్కువగా ఇంకుతుందని వేరే చెప్పనక్కరలేదు. మంచి నూనెను కర్పూరంతో చెడగొట్టుకోవద్దు.

పేరుకు మూలిక, లోపల స్టెరాయిడ్

సంతల్లో, బస్టాండుల్లో, ఒక్కోసారి ఇంటి ముందుకే వచ్చి 'అచ్చమైన మూలికల మందు, మూడు రోజుల్లో మాయం' అంటూ చిన్న డబ్బాల్లో లేపనాలు అమ్మేవారున్నారు. వాటి మీద పేరు వుండదు, తయారుచేసిన వారి చిరునామా వుండదు. రాసిన రెండో రోజుకే చర్మం నున్నగా అయితే తల్లిదండ్రులు సంతోషిస్తారు. అనుమానించవలసింది అప్పుడే. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో ఎగ్జిమా పిల్లలకు వాడుతున్న 24 మూలికా లేపనాలను పరీక్షించగా 20 లేపనాల్లో స్టెరాయిడ్ మందు బయటపడిందని 2003లో అక్కడి వైద్యులు ప్రకటించారు. వాటిలో చాలా ఘాటైన స్టెరాయిడ్ కూడా వుంది. చీటీ లేకుండా, లెక్క లేకుండా అటువంటి మందు నెలల తరబడి పసిపిల్లల ముఖాన రాస్తే చర్మం పలచబడుతుంది, నరాలు పైకి తేలుతాయి. ఒంట్లోకి ఇంకి ఎదుగుదలకూ అడ్డు తగలవచ్చు. ఆపిన వెంటనే జబ్బు రెట్టింపుగా తిరగబెడుతుంది.

మందుల షాపులో ట్యూబు పేరు చెప్పి కొనుక్కోవడమూ ఇంతే. తామర మీద స్టెరాయిడ్ పూత రాస్తే మొదట తగ్గినట్లు కనిపించి, తరువాత ఒళ్లంతా పాకుతుంది. ఈ దురుపయోగం పెచ్చుమీరడం వల్లనే కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ వుంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది.

అయితే స్టెరాయిడ్ అన్న మాట వినగానే డాక్టరు రాసిచ్చిన మందును కూడా అవతల పారేయడం మరో పొరపాటు. ఎగ్జిమా బాగా రేగినప్పుడు పసిపిల్లలకు తగిన తక్కువ ఘాటు మందును, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే భయం లేదు. రేగిన జబ్బును ఆర్పేది ఆ మందు. మళ్లీ రేగకుండా కాపలా కాసేది నూనె గాని, డాక్టరు చెప్పిన తేమ పూత గాని. రెండూ వేటి పని అవి చేస్తాయి.

ఇంట్లో చేయవలసినవి

బిడ్డకు గోరువెచ్చని నీటితో 5 నుంచి 10 నిమిషాల లోపు స్నానం ముగించాలి. పొగలు కక్కే వేడినీళ్లు పోయరాదు. సబ్బు వీలైనంత తక్కువ వాడాలి. మెత్తని గుడ్డతో అద్దాలి గాని రుద్దరాదు. ఒంటి మీద చెమ్మ ఆరకముందే పలచగా నూనె గాని, తేమ పూత గాని రాయాలి. రోజుకు రెండుసార్లు, దురద లేని రోజుల్లో కూడా మానకుండా రాయాలి. తగ్గిందని ఆపేయడం వల్లనే ఎక్కువమందికి తిరగబెడుతుంది.

కొత్తగా ఏ నూనె మొదలుపెట్టినా ముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడాలి. దద్దురు లేస్తే అది ఆ బిడ్డకు పడదన్నమాట. రసి కారే చోట, చీము పట్టిన చోట నూనె రాయరాదు. మన ప్రాంతంలో ఎండాకాలం ఉక్క ఎక్కువ. చెమటకాయలు లేచినప్పుడు దట్టంగా నూనె పూస్తే చెమట రంధ్రాలు మూసుకుపోయి అవి ఇంకా పెరుగుతాయి. అప్పుడు పలచని తేమ పూత మేలు. బిడ్డ గోళ్లు ఎప్పటికప్పుడు కత్తిరించాలి. నూలు బట్టలే వేయాలి. ఉన్ని, గరుకు నైలాను బట్టలు నేరుగా ఒంటికి తగలనీయరాదు. నూనె గిన్నెలో ప్రతిసారీ వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోవాలి.

ఎగ్జిమా అనగానే పాలు, గుడ్డు, చేప, వంకాయ అన్నీ మాన్పించి బిడ్డను చిక్కిపోనివ్వడం తగదు. ఫలానాది తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తున్నట్లు గమనిస్తే డాక్టరుకు చెప్పాలి. తల్లిపాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదు.

అమ్మవారని ఆగవద్దు

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఏ నూనె కోసమూ చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పుండ్ల మీద తేనె రంగు పక్కు కట్టడం, చీము, జ్వరం, చర్మం వేడిగా వాచిపోవడం వీటిలో ముఖ్యమైనవి. ఎగ్జిమా వున్న చోట ఉన్నట్టుండి నీటి పొక్కులు గుంపులుగా లేచి, పగిలి గుండ్రని గుంటల్లా మారి, బిడ్డ నొప్పితో ఏడుస్తూ జ్వరపడితే అది హెర్పిస్ అనే వైరస్ సోకిన లక్షణం కావచ్చు. మనవాళ్లు దీనిని 'అమ్మవారు పోసింది' అనుకుని వేపమండలు కట్టి, మందు ఇవ్వకుండా రోజులు గడిపే ప్రమాదం వుంది. ఇది ఆ రోజుకారోజే డాక్టరుకు చూపించవలసిన జబ్బు. కంటి దగ్గర పొక్కులు లేస్తే చూపుకే ముప్పు. దీనికి మందు వుంది. ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

వూళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే తామరా, గజ్జా, ఎగ్జిమానా అన్నది తేలుతుంది. అవసరమైతే అమలాపురం ఏరియా ఆసుపత్రికి గాని, కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి గాని పంపిస్తారు. వెళ్లేటప్పుడు అంతవరకు రాసిన పసరు ఏదో, లేపనం ఏదో దాచకుండా చెప్పాలి. డబ్బా వుంటే వెంట తీసుకువెళ్లాలి. పసరు మందు రాశామంటే కోప్పడతారేమోనని దాచిపెట్టడం వల్ల నష్టపోయేది బిడ్డే. ఆయుర్వేద వైద్యం చేయించదలచినవారు కూడా అర్హత గల వైద్యుని వద్దకే వెళ్లి, లైసెన్సు నంబరు, తయారీ తేదీ, కలిపిన వస్తువుల పేర్లు ముద్రించి వున్న మందునే తీసుకోవాలి.

చెట్టు మందులను చులకన చేయవలసిన పని లేదు. గుడ్డిగా నమ్మవలసిన పనీ లేదు. ముందుగా జబ్బు ఏదో తెలుసుకుని, ఆ తరువాతే ఏ ఆకు, ఏ నూనె అన్నది నిర్ణయించుకోవాలి. నోరు లేని పసివాళ్లు మంట పుడుతోందని చెప్పలేరు. ఏడుస్తారంతే. ఆ ఏడుపును 'మందు పని చేస్తోంది' అని సరిపెట్టుకోకుండా, మండించే పూతను వెంటనే కడిగివేయవలసిన బాధ్యత తల్లిదండ్రుల మీద ఎంతైనా వుంది.